గోల్ పడినా కదలకూడదు

మీలో ఎవరైనా రేడియోథెరపీ టెక్నీషియన్‌గా కొత్తగా చేరి ఉంటే ఈపాటికే ఒక సంగతి తెలిసిపోయి ఉంటుంది. ఈ ఉద్యోగంలో మనం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పే మాట ఒక్కటే: "కదలకండి." హిందీలో, బెంగాలీలో, ఒడియాలో, వచ్చీరాని సంతాలీలో, తెలుగులో ఆ మాట ఎంతమందికి చెప్పానో నాకే తెలీదు. రిటైరయ్యాక మా మనవరాలికి జడ వేస్తూ ఓసారి అలవాటుగా అదే గొంతుతో "కదలకు" అన్నాను. పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చుంది. జడ అయిపోయాక, ఇక ఊపిరి పీల్చుకోవచ్చా అని హిందీలో అడిగింది.

అంతమందిలో నా మాట వినడానికి అందరికంటే ఎక్కువ కష్టపడిన మనిషి గురించి చెబుతాను.

జంషెడ్‌పూర్‌లో మా కాన్సర్ ఆస్పత్రికి తెలుగు పేషెంటు ఎవరొచ్చినా ముందు నాకు కబురొచ్చేది. నేను గోల్‌మురి క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేకుల ఫ్యాక్టరీలో చేరాడు. అంచేత ఊళ్లో సగంమంది తెలుగువాళ్లకి నేను ఏదో ఒక వరస అవుతాను. మిగతా సగంమంది వరస కలుపుకుంటారు. అలా ఒకరోజు రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి ఫోనొచ్చింది. మీ తెలుగాయన వచ్చాడు, గొంతు సమస్యట, మాట్లాడకూడదని ఎంత చెప్పినా ఊరుకోవడం లేదు, క్యూ మొత్తాన్ని నవ్విస్తున్నాడు, వచ్చి తీసుకెళ్లండి అని.

వెళ్లి చూస్తే బిర్సానగర్ కామెంటరీ బాబాయ్.

ఆయన్ని తెలియని తెలుగువాడు మా వైపు లేడు. ఉక్కు మిల్లులో క్రేను నడిపి రిటైరైన మనిషి. యంత్రాల హోరు మీంచి కింద ఉన్నవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ గొంతు గట్టిపడింది. బిర్సానగర్ గ్రౌండులో ఏటా జరిగే ఫుట్‌బాల్ టోర్నమెంటుకి మైకు ఆయనదే. సగం తెలుగు, సగం హిందీ, కోపమొస్తే భోజ్‌పురి. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లకంటే ఆయన్ని వినడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. నా చిన్నప్పుడు ఒకసారి గోల్‌కీపరు ఉన్నచోటే నిలబడిపోయి గోల్ ఇచ్చేస్తే ఆయన మైకులో అన్నమాట ఇప్పటికీ గుర్తు: "మన గోలీ గారు పెళ్లికొచ్చినట్టు నిలబడ్డారు. బోజనాలు ఇంకా అవ్వనేదు మరి, ఆయన కదల్రు."

అలాంటి గొంతు కొన్ని నెలలుగా జీరపోతూ వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోలేదంటే తప్పు, అందరూ పట్టించుకున్నారు. ఒకరు అల్లం నమలమన్నారు, ఒకరు మిరియాల కషాయం తాగమన్నారు. టోర్నమెంటు కమిటీ వాళ్లు ఇంకా బాగా ఆలోచించి, లోపం మైకులో ఉందని తేల్చి కొత్త మైకు తెచ్చారు. కొత్త మైకులోనూ అదే జీర వచ్చింది. అప్పుడు పిన్ని, అంటే ఆయన భార్య, ఇక ఎవరినీ అడక్కుండా ఆటో ఎక్కించి తీసుకొచ్చేసింది. నలుగురిలో నోరు విప్పని మనిషి. ఆయన మాట్లాడుతుంటే పక్కన కూర్చుని చీర కొంగు సర్దుకోవడమే నేనెప్పుడూ చూసింది.

మా డాక్టరు గారు బెంగాలీ ఆవిడ. మితభాషి. గొంతులోకి సన్నని గొట్టంతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపి, రిపోర్టు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. గొంతులో మాట పుట్టించే స్వరతంతి మీద చిన్న కాన్సర్ గడ్డ. తొందరగా దొరికింది. ఆపరేషన్ అక్కర్లేదు, రేడియేషన్ చాలు, గొంతు కూడా నిలబడే అవకాశం బాగా ఉంది. బీడీ మాత్రం ఈ క్షణం నుంచి లేదు. అరవడం, పెద్దగా మాట్లాడటం కూడా.

ముందు చెప్పినవన్నీ ఆయన నిబ్బరంగానే విన్నాడు. ఆఖరిదానికి మొహం పాలిపోయింది.

గొంతుకి రేడియేషన్ ఇవ్వాలంటే ముందు మాస్కు చేయాలి. చిల్లులున్న ప్లాస్టిక్ షీటుని వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. దాన్ని మొహం మీద, మెడ మీద పరిచి అదిమితే మనిషి ఆకారం తీసుకుని గట్టిపడుతుంది. రోజూ దాన్ని బల్లకి బిగించి, తల ఇసుమంత కూడా కదలకుండా చూస్తాం. గట్టిపడేదాకా పెదవి కదపకూడదని బాబాయ్‌కి రెండు భాషల్లో చెప్పాను. సరేనని తలూపాడు. షీటు మొహం మీద వేశామో లేదో, లోపల్నుంచి గుసగుసగా మొదలుపెట్టాడు, వేడిగా ఉందమ్మా, ఇడ్లీ పాత్రలో పెట్టినట్టుంది, ఇంకెంతసేపు ఉడకాలి అని. ఆపే లోపు మాస్కు బిగుసుకుపోయింది.

మా ఫిజిసిస్టు మలయాళీ. ఎంత రేడియేషను, ఏ వైపు నుంచి, ఏ కోణంలో ఇవ్వాలో లెక్క కట్టేది ఆయనే. వెంట్రుకవాసి తేడా వచ్చినా నిద్రపోని మనిషి. ఆ మాస్కుని తీసి వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. దవడ ఒక పక్కకి జరిగి, నోరు సగం తెరుచుకుని ఉంది. ఈ మాస్కు మాట్లాడుతోంది, దీనికి ట్రీట్‌మెంటు ఇవ్వలేను అన్నాడు. మళ్లీ కొత్తది చేశాం. ఈసారి పిన్ని వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆయన మాట్లాడబోయినప్పుడల్లా గిల్లింది. మాస్కు అద్భుతంగా వచ్చింది. పాతదాన్ని ఫిజిసిస్టు పారెయ్యకుండా తన గదిలో గోడకి తగిలించుకున్నాడు.

ట్రీట్‌మెంటు మొదలయ్యే రోజు బాబాయ్ నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న అడిగాడు. ఇన్ని వారాల పాటు రోజూ తిప్పడం ఎందుకు? ఉన్నదంతా ఒకేసారి పెట్టేసి పంపేయొచ్చు కదా? మీరూ ఈ ప్రశ్న వింటారు. అందుకే నేనేం చెప్పానో ఇక్కడ రాస్తున్నాను.

మన ఒంట్లో కణాలు రోజూ పుడుతూనే ఉంటాయి బాబాయ్, అన్నాను. పుట్టడమంటే ఒక కణం రెండుగా విడిపోవడమే. విడిపోయే ముందు అది తన లోపలున్న డీఎన్ఏకి, అంటే తను ఎలా బతకాలో చెప్పే సమాచారానికంతటికీ నకలు తీస్తుంది. పాతది ఒక కణానికి, కొత్తది ఇంకోదానికి అని కాకుండా, ప్రతి నకలులోనూ సగం పాతది సగం కొత్తది ఉంటుంది. తీసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. సరిదిద్దే ఏర్పాటు కణంలోనే ఉంటుంది. మరీ పాడైపోతే ఆ కణం తనంతట తనే చచ్చిపోతుంది. ఇంక చాలు, విడిపోవద్దు అంటే ఆగుతుంది కూడా. ఎప్పుడో ఒక కణంలో తప్పుల మీద తప్పులు పోగుపడి, ఆగమన్నా ఆగకుండా, చావమన్నా చావకుండా విడిపోతూ పోతే అదే కాన్సర్.

రేడియేషను ఆ డీఎన్ఏని తెగ్గొడుతుంది. మంచి కణాలకీ దెబ్బ తగులుతుంది కానీ, అవి మర్నాటికల్లా చాలావరకు బాగుచేసుకుంటాయి. కాన్సర్ కణాలకి ఆ బాగుచేసుకోవడం అంతగా చేతకాదు. తెగిన డీఎన్ఏతోనే విడిపోబోయి చచ్చిపోతాయి. అందుకే కొంచెం కొంచెంగా, రోజూ. ఒకేసారి పెడితే గడ్డతో పాటు నీ గొంతు కూడా పోతుంది. మధ్యలో మానేస్తే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి.

ఆయన శ్రద్ధగా విన్నాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క పొల్లుపోకుండా తిరిగి నాకే అప్పజెప్పాడు. సంతోషించాను. అర్థమైంది కదా, ఇక ఈయనతో ఇబ్బంది లేదు అనుకున్నాను. అర్థమైనవాళ్లందరూ మాట వింటారని అప్పటికీ నమ్ముతుండేదాన్ని.

మొదటి రెండు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత గొంతులో మంట మొదలైంది. గొంతు లోపలి పొర కణాలు కూడా గబగబా విడిపోయే రకమే కాబట్టి ముందు దెబ్బ వాటికే తగులుతుంది. జీర ఎక్కువై, ఒకరోజు మాట పూర్తిగా పడిపోయింది. ఇది మామూలే, అయిపోయాక తిరిగొస్తుంది అని డాక్టరు గారు చెప్పారు. గుసగుసలాడితే స్వరతంతులు ఇంకా బిగుసుకుంటాయి, అదీ వద్దన్నారు.

మర్నాడు బాబాయ్ మెడలో రిఫరీ ఈల వేసుకొచ్చాడు. నీళ్లు కావాలంటే ఒక ఈల. బాత్రూముకి వెళ్లాలంటే రెండు. తన వంతు కంటే ముందు ఎవరైనా లోపలికి పోతే పొడుగ్గా ఒకటి. వెయిటింగ్ హాలులో ఉన్నవాళ్లు ముందు ఉలిక్కిపడ్డారు, తర్వాత ఆ భాష నేర్చుకున్నారు. విసుగొచ్చిన నర్సులు డాక్టరు గారి దగ్గరికి వెళ్లారు. ఆవిడ కాసేపు ఆలోచించి, ఈలకి స్వరతంతులు అక్కర్లేదు, వైద్యపరంగా నేను అభ్యంతరం చెప్పలేను అన్నారు. ఆ రోజు ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను.

అంతా బాగానే ఉందనగా మెషిన్ ఆగిపోయింది. చల్లబరిచే యూనిట్ పాడైంది. ఇంజనీరు కోల్‌కతా నుంచి రావాలి. వచ్చేసరికి గురువారం, శుక్రవారం పోయాయి. అప్పటిదాకా ఫిజిసిస్టు ఆ మెషిన్ చుట్టూ, ఇంట్లో జ్వరం వచ్చిన బిడ్డ ఉన్నట్టు తిరిగాడు. గొంతు కాన్సర్లలో ఖాళీ రోజులు మంచివి కావు. పోయిన రోజుల్ని పూడ్చడానికి డాక్టరు గారు శనివారం కొందరికి రెండుసార్లు ఇవ్వాలని నిర్ణయించారు, పొద్దున ఒకసారి, మధ్యలో మంచి కణాలు కోలుకోవడానికి ఆరు గంటల విరామమిచ్చి సాయంత్రం ఇంకోసారి.

ఆ శనివారం సాయంత్రమే బిర్సానగర్‌లో ఫైనల్. జుగ్సలాయి టీముతో.

ఈ మాట చెప్పినప్పుడు బాబాయ్ ఈల ఊదలేదు. నావైపు చూసి, డాక్టరు గారి తలుపువైపు చూసి, తలొంచుకున్నాడు. ఆ నిశ్శబ్దం చూసే నేను జాగ్రత్త పడాల్సింది. పొద్దున వంతుకి బుద్ధిగా వచ్చాడు. ఇంటికెళ్లి జావ తాగి వస్తానని సైగ చేసి వెళ్లాడు. సాయంత్రం వంతు టైమయింది. ఆయన లేడు. ఫోన్ ఎత్తరు. మిగతా పేషెంట్లందరి వంతులూ అయిపోయాయి. డాక్టరు గారు గది బయటికొచ్చి, ఆయన మీ బాబాయే కదా అన్నారు. ఆ మాటకి అర్థం వెళ్లి తీసుకురమ్మని. స్కూటీ తీశాను.

గ్రౌండు చేరేసరికి రెండు టీములూ బరిలో దిగి ఉన్నాయి. చుట్టూ జనం. షామియానా కింద బల్ల, బల్ల మీద మైకు, మైకు ముందు బాబాయ్. స్తంభాలకి కట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి వస్తున్నది మాట కాదు, తుప్పు పట్టిన గేటు తెరుస్తున్నట్టు ఒక కిర్రు. కొంతమంది కుర్రాళ్లు నవ్వుతున్నారు. ఎవరో మైకు బాలేదు, మార్చండి అని హిందీలో కేకేశారు. కమిటీ సెక్రటరీ వచ్చి నిజంగానే మైకు తట్టి చూశాడు.

బాబాయ్ మైకు కింద పెట్టేశాడు. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి, లేచి షామియానా వెనక్కి వచ్చాడు. దగ్గరగా వంగి, గొంతు పెగలక పెగలక అడిగాడు.

"ఒక్క పూటకి ఏటవుద్దమ్మా? సోమారం వత్తాను."

కోప్పడదామనుకునే వచ్చాను. కానీ ఆ కిర్రు విన్నాక కోపం రాలేదు.

"ఇప్పటికే రెండ్రోజులు పోయాయి బాబాయ్. నువ్వు సెలవు పెట్టావని ఆ కణాలు సెలవు పెట్టవు. ఇప్పుడు మనం ఇక్కడ మాటాడుకుంటున్నా అవి విడిపోతూనే ఉంటాయి. ఎల్లుండి దాకా ఆగితే ఇంకా పెరుగుతాయి. ఈ గొంతు నీకు వచ్చే ఏడాది కావాలా, ఈ పూటకేనా?"

ఆయన గ్రౌండువైపు చెయ్యి చూపించాడు. మరి ఇదెవరు చెబుతారని. సెక్రటరీ అప్పటికే సినిమా పాటలు పెట్టమని ఎవరితోనో అంటున్నాడు.

అప్పుడు, షామియానా వెనక కమిటీ వాళ్లకి టీలు పోస్తున్న పిన్ని గ్లాసులు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి మైకు అందుకుంది.

"నువ్వెల్లు. నాను సెప్తాను."

బాబాయ్, నువ్వేం చెబుతావే అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"ఇన్నేల్లూ నీకు సెప్పింది ఇప్పుడు ఈల్లకి సెప్తాను. ఎల్లు, టైమవతంది."

వెళ్లబోతుంటే నన్ను ఆపి, నా ఫోనుకి తన ఫోన్లోంచి కాల్ చేయించి, దాన్ని కట్ చెయ్యకుండా మైకు పక్కన పెట్టుకుంది. దారిలో ఆయన మనసు ఇక్కడే ఉంటుంది, వినిపిస్తూ తీసుకెళ్లు అంది నాతో.

స్కూటీ మీద వెనక్కి వస్తుంటే మొదట లౌడ్‌స్పీకర్లలో ఏమీ వినపడలేదు. బాబాయ్ నా భుజం మీద వేళ్లు బిగించి పట్టుకున్నాడు. తర్వాత ఒక దగ్గు. తర్వాత పిన్ని గొంతు, మెల్లగా, ఇంట్లో ఎవరినో అన్నానికి పిలుస్తున్నట్టు: "ఆట మొదలైంది. అందరూ పరిగెడతన్నారు. ఎందుకో ఇంకా తెలనేదు." జనం నవ్వు పెద్ద అలలా లేచింది. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ నవ్వు మా వెంట వచ్చింది.

బాబాయ్ నా భుజం తట్టాడు. నొప్పి వచ్చిందేమోనని బండి ఆపాను. ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"నాను మైకులో సెప్పినియ్యన్నీ దానియే. అన్నం కాడ అనేది. మర్నాడు నాను ఇక్కడ అనేవోడ్ని."

బండి మళ్లీ తీశాను.

ఆస్పత్రిలో డాక్టరు గారు చివాట్లు సిద్ధం చేసుకుని నిలబడి ఉన్నారు. నా చేతిలో ఫోనులోంచి జనం హోరు వినిపించేసరికి ఆగి, అదేమిటని అడిగారు. చెప్పాను. ట్రీట్‌మెంటు గదిలో పేషెంట్ల కోసం ఎలాగూ పాటలు వేస్తాం కదా, ఈ ఒక్కరోజు ఇది వేద్దామా అని అడిగాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత, చాలా ఉదాసీనంగా, "స్కోర్ క్యా హై?" అన్నారు.

ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే కోల్‌కతాలో పుట్టిన మనిషి. అడక్కుండా ఉండటం ఆవిడ వల్ల కాలేదు. లెక్కలు చూసుకుంటున్న ఫిజిసిస్టు తలెత్తి, ఫుట్‌బాల్ గురించి బెంగాలీలు అడక్కూడదు, మలయాళీలు చెబుతారు అన్నాడు. వాళ్లిద్దరి మధ్య ఈ గొడవ ఎప్పటినుంచో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

బాబాయ్‌ని బల్ల మీద పడుకోబెట్టి మాస్కు బిగించాను. బయటికొచ్చి బరువైన తలుపు మూశాను. ముందు ఒక ఎక్స్‌రే బొమ్మ తీసి మనిషి సరిగ్గా నిన్నటి చోటే ఉన్నాడో లేదో చూస్తాం. ఫిజిసిస్టు బొమ్మ చూస్తున్నాడు, చెవి మాత్రం ఫోను దగ్గరుంది. ఫోనుని లోపలికి వినిపించే మైకు దగ్గర పెట్టాను. గీతలు కుదిరాయి, మొదలుపెట్టొచ్చు అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఈల మోగింది. బిర్సానగర్‌కి పెనాల్టీ.

నేను డాక్టరు గారివైపు చూశాను. ఆపమంటే ఆపుదామని. ఆవిడ తెర మీద బాబాయ్‌ని చూస్తున్నారు. మాస్కు కింద ఒక మనిషి రాయిలా పడుకుని ఉన్నాడు. కాలి బొటనవేళ్లు మాత్రం రెండూ నిక్కపొడుచుకుని నిలబడ్డాయి. ఇవ్వండి అన్నారావిడ.

లోపలికి మాట్లాడే బటన్ నొక్కాను. "బాబాయ్, మొదలుపెడుతున్నాను. గోల్ పడినా కదలకూడదు."

బీమ్ ఆన్ అయింది. నా వేలు ఆపే బటన్ మీదే ఉంది. పిన్ని మాత్రం తీరిగ్గా సాగదీస్తోంది: "మావోడు బంతి పెట్టాడు. మల్లీ తీసాడు. మల్లీ పెట్టాడు. ఇంట్లో సెప్పులు ఇంత జాగర్తగా పెట్టుంటే ఆల్లమ్మ ఎంత సంతోసించేదో." ఆ మాటకి గ్రౌండంతా నవ్వింది. ఈయన నవ్వితే? దవడ కదిలితే? తెర మీద బొటనవేళ్లు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకున్నాయి. పై భాగం కదల్లేదు.

"ఎనక్కెల్లాడు. పరిగెత్తాడు. తన్నాడు."

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నిజానికి చాలాసేపు కాదు, మాకలా అనిపించింది.

"గోలీ పట్టేసినాడు."

ఫిజిసిస్టు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. డాక్టరు గారు బల్ల మీద చరిచి బెంగాలీలో ఏదో అన్నారు. తర్వాత అడిగితే, ఎడమవైపు కొట్టాల్సింది అన్నానని చెప్పారు. నేను కుర్చీలోంచి సగం లేచి ఉన్నాను. ఆ నిమిషాన మా డిపార్టుమెంటులో కదలకుండా ఉన్నది ఒక్క బాబాయే. బొటనవేళ్లు మెల్లగా వాలిపోయాయి. అంతే. బీమ్ పూర్తయింది.

మాస్కు తీసేటప్పటికి కళ్ల పక్కన తడిగా ఉంది. ఆట కోసమా అని సైగ చేసి అడిగాను. కాదని తలూపాడు. పిన్ని గొంతు వస్తున్న స్పీకరు వైపు చూపించాడు.

మిగతా ఆట ఆయన వెయిటింగ్ హాలులో కూర్చుని విన్నాడు. ఆయనతో పాటు డాక్టరు గారు, ఫిజిసిస్టు, డ్యూటీ దిగిపోయిన నర్సులు, తెలుగు ఒక్క ముక్క రాని వార్డుబాయ్‌లు. తెలుగు రానివాళ్లకి నేను హిందీలో చెబుతుంటే, అక్కర్లేదు, అర్థమవుతోంది అన్నారు. బిర్సానగర్ ఒక గోల్ తేడాతో ఓడిపోయింది. ఆట అయ్యాక పిన్ని ఫోను చేతిలోకి తీసుకుని మొదట అడిగింది ఒకటే: "సికాయి అయిందా?" ఇక్కడ రేడియేషన్‌ని అందరూ అలాగే అంటారు, కాపడం అని. అయిందన్నాను. సరే, గ్లాసులు కడిగి వత్తాను అంది.

ఆ తర్వాత బాబాయ్ ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. ట్రీట్‌మెంటు అయిపోయిన కొత్తలో మంట ఇంకా పెరిగింది. నీళ్లు మింగడానికే కళ్లనీళ్లు తిరిగేవి. పిన్ని జావలు కాచి, చల్లార్చి, చెంచాతో పట్టింది. మెల్లగా పుళ్లు మానాయి. కొన్ని నెలలకి డాక్టరు గారు మళ్లీ గొట్టంతో చూసి, స్వరతంతి శుభ్రంగా ఉందని చెప్పారు. గొంతు తిరిగొచ్చింది. పాత గొంతు కాదు, దానికి తమ్ముడి గొంతులాంటిది. కొంచెం సన్నగా, ఎత్తుకి పోతే చీలుతూ.

మరుసటి టోర్నమెంటుకి కమిటీ వాళ్లు ఇంటికొచ్చి, తలుపు తీసిన బాబాయ్‌ని దాటుకుని లోపలికెళ్లి పిన్నిని అడిగారట. ఆవిడ మొదటి సగం ఒప్పుకుంది. రెండో సగం ఆయనకి వదిలేసింది. ఈయన బాగా చెప్పినరోజు, రేత్తిరి అన్నం కాడ నానే సెప్పాను అని నవ్వేదట. ఈ సంగతి బాబాయే నాతో చెప్పాడు, ఎంతో గర్వంగా.

ఏళ్ల తరబడి చెకప్‌లకి వచ్చారు. చివరికి ఒకరోజు డాక్టరు గారు, ఇక రానక్కర్లేదు అన్నారు. అందరూ సంతోషించే మాట. బాబాయ్ చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత కూడా ఏదో వంకతో వస్తూనే ఉండేవాడు, పిన్నిని వెంటబెట్టుకుని.

నేను రిటైరవడానికి కొద్ది రోజుల ముందు, జుగ్సలాయి నుంచి ఒక గోడౌను కూలీ వచ్చాడు. నాలుక కాన్సర్. మాస్కు చూడగానే లేచిపోయాడు. దాన్ని మొహం మీద బిగిస్తే ఊపిరాడక చచ్చిపోతానని గొడవ. డాక్టరు గారు చెప్పారు, నేను చెప్పాను, ఫిజిసిస్టు తన మొహం మీద పెట్టుకుని చూపించాడు. లాభం లేదు. హాలులో కూర్చుని ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు.

కాసేపటికి నేను తలుపు సందులోంచి చూస్తే, బాబాయ్ అతని పక్కన చేరి ఉన్నాడు. తనూ ఆ మాస్కులో పడుకుని లేచినవాడినేనంటూ, హిందీలో కణాల గురించి చెబుతున్నాడు. ఒకటి రెండవుతుందట, రెండు నాలుగవుతాయట, ఆపై ఎవరి మాటా వినవట. సగం తప్పులు. నేను వెళ్లి సరిదిద్దబోతే డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

కూలీ లేచి లోపలికొచ్చాడు. బల్ల మీద పడుకుని కళ్లు మూసుకుని, బిగించండి దీదీ అన్నాడు. ఒక్కసారి కూడా కదల్లేదు. అతనిది పూర్తి చేసి తలుపు తీసేసరికి బాబాయ్ చుట్టూ హాలులో సగంమంది పోగయ్యారు. వాళ్లలో చాలామంది పేషెంట్లు కూడా కాదు, తోడొచ్చినవాళ్లు. ఆయన గొంతు అలసి ఒకచోట చీలింది. పిన్ని ఆయన చేతికి నీళ్ల సీసా ఇచ్చి, తన కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, ఆయన ఆపిన చోటునుంచి అందుకుంది.